ముందు ఒక చెంచా చారు

అక్క: నమస్కారం అండీ. అమెరికాలోని శాన్ హోసే నుంచి మా ఇద్దరి కబుర్లకు స్వాగతం. ఈ వారం తిండి గురించి, అందులోనూ ఒకే ఒక్క గిన్నె గురించి, చారులో నూడుల్స్ వేసే వియత్నాం వంటకం ఫో గురించి మాట్లాడుకుందాం.

తమ్ముడు: నమస్కారం. అక్క ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. నేను వచ్చి ఎనిమిది నెలలే. వచ్చిన మొదటి శనివారం, ఇంకా నిద్ర సరిగ్గా కుదరకముందే, పొద్దున ఎనిమిదిన్నరకు నన్ను స్టోరీ రోడ్డు వైపు ఒక వియత్నాం నూడుల్స్ హోటల్‌కి తీసుకెళ్ళింది. పొద్దున్నే నూడుల్స్ ఏంటక్కా అన్నాను.

అక్క: నేనేమన్నానో గుర్తుందా?

తమ్ముడు: "పాతబస్తీలో తెల్లవారకముందే పాయా తాగడానికి వెళ్ళేవాడివి కదరా, ఇదీ అలాంటిదే" అన్నావు. అంతే, ఇంకేం అడగకుండా కారెక్కాను.

అక్క: పోలిక నిజంగానే సరిపోతుంది. రాత్రంతా సన్నని మంట మీద బొక్కలు మరుగుతాయి, తెల్లారేసరికి చారు సిద్ధం. వియత్నాం రాజధాని హనోయ్‌లో ఇది పొద్దుటి టిఫిన్. పేవ్‌మెంట్ మీద పీటంత ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ళు వేసుకుని, ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు కూర్చుని తిని వెళ్తారు. మనకు ఇడ్లీ బండి ఎలాగో వాళ్ళకు ఇది అలాగ.

తమ్ముడు: పేరు ఎలా పలకాలో ముందు చెప్పు. అందరూ ఫో అంటున్నారు, నువ్వేమో ఇంకోలా పలికావు.

అక్క: రాయడానికి ఫో అని రాసుకుందాం, అందరికీ అలవాటైంది కాబట్టి. పలకడం మాత్రం "ఫ" కి దగ్గరగా ఉంటుంది. పలికేటప్పుడు గొంతు ముందు కిందికి దిగి, చివర ప్రశ్న అడిగినట్టు పైకి లేవాలి. వియత్నామీస్‌లో స్వరం మారితే అర్థమే మారిపోతుంది.

తమ్ముడు: ఆ రోజు హోటల్లో నాకు బాగా నచ్చింది ఆ పిలుపులు. ఎవరూ ఎక్స్‌క్యూజ్ మీ అనలేదు.

అక్క: అవును కదా! "చి ఓయ్" అంటారు. చి అంటే అక్క. "ఆన్" అంటే అన్న. తనకంటే చిన్నవాళ్ళయితే "ఎమ్". పెద్దావిడ అయితే "కో", అంటే అత్త. ఆ చివర ఓయ్ పిలవడానికి. ఊరూ పేరూ తెలియకపోయినా వరస కలిపి పిలవడం మనకు కొత్త కాదు కదా. కిరాణా కొట్టులో అన్నా అంటాం, బస్సులో పక్కన కూర్చున్నావిడను అక్కా అంటాం. నేను వచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో ఎవరినీ అలా పిలవలేకపోయేదాన్ని. అది నాకు చాలా వెలితిగా ఉండేది. ఒక రోజు ఆ హోటల్లో వడ్డించే ఆవిడను భయపడుతూ భయపడుతూ "చి ఓయ్" అన్నాను. ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, నవ్వింది. అప్పటి నుంచి నేనెప్పుడు వెళ్ళినా నా టీ గ్లాసు ఖాళీగా ఉండనివ్వదు.

తమ్ముడు: ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం చెప్తాను. మనం కూర్చునేలోపే టీ వస్తుంది, దానికి డబ్బు తీసుకోరు. చాప్‌స్టిక్స్, చెంచాలు, సాస్ సీసాలు టేబుల్ మీదే డబ్బాలో ఉంటాయి, మనమే తీసుకోవాలి. మెనూలో ప్రతి వంటకానికీ ఒక అంకె ఉంటుంది. పేరు పలకడం రాకపోతే అంకె చెప్తే చాలు. గిన్నె మూడు సైజుల్లో ఉంటుంది. అన్నిటికన్నా పెద్దదాన్ని కొన్నిచోట్ల రైలు గిన్నె అంటారట!

అక్క: "తో సే లువా". సే లువా అంటే రైలు బండి. ఆకలితో చచ్చిపోతున్నప్పుడు అదే చెప్పుకోవాలి.

తమ్ముడు: ఆర్డర్ చెప్పాక ఐదు నిమిషాల్లో గిన్నె ముందుంటుంది. తిన్నాక చాలాచోట్ల బిల్లు కోసం ఎదురుచూడకూడదు, మనమే లేచి కౌంటర్ దగ్గర కట్టేయాలి. మొదట్లో ఇది నాకు మర్యాద తక్కువ అనిపించింది. గుమ్మం దగ్గర పిల్లలతో నిలబడ్డ కుటుంబాలను చూశాక అర్థమైంది.

అక్క: ఇంకో కారణం ఉందిరా. బియ్యపు నూడుల్స్ వేడి చారులో ఎక్కువసేపు ఆగవు. పది నిమిషాలు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే నాని మెత్తబడిపోతాయి. ఫో ముందు కూర్చుంటే ముందు తినాలి. మాటలు తర్వాత.

తమ్ముడు: ఆ నూడుల్స్ ఎలా చేస్తారో వీడియో చూపించావు కదా, అది చెప్పు.

అక్క: బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చటి పిండి చేస్తారు. మరిగే కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద గరిటెడు పిండి పోసి పల్చగా పరుస్తారు. ఆవిరికి నిమిషంలో ఉడికి, అవతలి వైపు కనిపించేంత పల్చటి పొర వస్తుంది. దాన్ని చల్లార్చి సన్నగా కోస్తే నూడుల్స్. ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్ళను చూసినవాళ్ళకు ఆ చేతివాటం వెంటనే తెలుస్తుంది. మనం కాలిన కుండ మీద తీస్తాం, వాళ్ళు ఆవిరి మీద తీస్తారు. రెండు చోట్లా బియ్యమే!

తమ్ముడు: ఈ వంటకం అంత పాతదేం కాదన్నావు?

అక్క: దాదాపు నూట పాతికేళ్ళు, అంతే. ఉత్తర వియత్నాంలో హనోయ్, దాని దక్షిణాన ఉన్న నామ్ దిన్ ప్రాంతం, ఈ రెండు చోట్లా పుట్టిందంటారు. అప్పుడు ఫ్రెంచివాళ్ళ పాలన. అంతకుముందు అక్కడ పశువులంటే పొలం దున్నడానికే. ఫ్రెంచివాళ్ళు వచ్చి వాటి మాంసం తినడం మొదలుపెట్టాక బొక్కలు మిగిలేవి. వాటిని మరిగించి, బియ్యపు నూడుల్స్ వేసి, కావడిలో పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేవాళ్ళు. కావడికి ఒక వైపు పొయ్యీ, చారు కుండా. ఇంకో వైపు గిన్నెలూ, నూడుల్సూ. 2024లో వియత్నాం ప్రభుత్వం హనోయ్ ఫోనీ, నామ్ దిన్ ఫోనీ జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది.

తమ్ముడు: అక్కడి నుంచి ఇక్కడి దాకా ఎలా వచ్చింది?

అక్క: రెండుసార్లు ఊరు మారింది. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షల మంది ఉత్తరం వదిలి దక్షిణానికి వెళ్ళారు. వాళ్ళతో ఫో కూడా సైగాన్ చేరింది. హనోయ్‌లో అది చాలా సాదాగా ఉంటుంది. చారు, నూడుల్స్, మాంసం, ఉల్లికాడలు. పక్కన వెల్లుల్లి నానబెట్టిన వెనిగర్, మిరపకాయ. సైగాన్‌లో కాస్త తీపి పెరిగింది, పళ్ళెం నిండా పచ్చి ఆకులు వచ్చాయి, మొలకలు వచ్చాయి, సాస్‌లు వచ్చాయి. 1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తరం సైన్యం చేతిలో పడ్డాక మళ్ళీ వలస. పడవల్లో సముద్రం దాటినవాళ్ళు, శిబిరాల్లో ఏళ్ళు గడిపినవాళ్ళు, వాళ్ళలో చాలామంది ఈ ఊరు చేరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ పనికి కుదిరారు. ఇప్పుడు శాన్ హోసేలో వియత్నాం మూలాలున్నవాళ్ళు లక్ష మంది పైనే. కొన్ని ఫో హోటళ్ళ పేర్లలో 54, 75 అని అంకెలు ఉంటాయి చూడు.

తమ్ముడు: నేను అవి డోర్ నంబర్లు అనుకున్నాను.

అక్క: చాలామంది అలాగే అనుకుంటారు. ఇల్లు వదిలిన ఏడాదిని బోర్డు మీద రాసుకున్నారు వాళ్ళు. అది తెలిసిన రోజు నేను ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడిపోయాను.

తమ్ముడు: అమ్మ సంగతి చెప్పనా?

అక్క: చెప్పు, చెప్పు. అది లేకపోతే ఈ ఎపిసోడే లేదు.

తమ్ముడు: అమ్మ మూడు నెలల కింద వరంగల్ నుంచి వచ్చింది. బయటి తిండి అంటే కొంచెం జంకు. ఎంతో బతిమాలి తీసుకెళ్ళాం. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆగిపోయింది. ఒక్క క్షణం గాలి పీల్చి, "ఎవరింట్లోనో బగారన్నం చేస్తున్నరు" అంది!

అక్క: నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే అమ్మ చెప్పింది సరిగ్గా నిజం. ఆ చారులో పడేవేంటి? అనాసపువ్వు, దాల్చిన చెక్క, లవంగాలు, నల్ల యాలకులు, ధనియాలు. మన పోపుల డబ్బా పక్కన ఉండే మసాలా డబ్బానే అది. ఉల్లిపాయనీ అల్లాన్నీ నిప్పుల మీద నల్లగా కాల్చి వేస్తారు, మనం పచ్చడికి వంకాయ కాల్చినట్టు. ఆ కాలిన వాసనతోనే చారుకు రంగు, తీపి వస్తాయి.

తమ్ముడు: అనాసపువ్వు గురించి నువ్వు చెప్పింది వినేవాళ్ళకు కూడా చెప్పు.

అక్క: అనాసపువ్వు చెట్లు ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల పెరుగుతాయి. వియత్నాంలో చైనా సరిహద్దున ఉన్న లాంగ్ సన్ కొండలు వాటిలో ఒకటి. అక్కడి పువ్వును ఎక్కువగా కొనేది మన దేశమే. దాల్చిన చెక్క కూడా అక్కడి నుంచి బోలెడు వస్తుంది. అంటే అమ్మ వరంగల్‌లో కిరాణా కొట్టు నుంచి తెచ్చుకున్న పువ్వు, ఇక్కడ ఈ కుండలో మరుగుతున్న పువ్వు ఒకే కొండ మీద కోసినవి కావచ్చు.

తమ్ముడు: మసాలా అదే అయినా రుచి మాత్రం మనది కాదు. చాలా తేలిక.

అక్క: ఎందుకో చెప్తా విను. మనం మసాలాను నూనెలో వేయిస్తాం, నూరుతాం, కూరలో కలిపేస్తాం. వాళ్ళు పొడిగా వేయించి, మూటకట్టి నీళ్ళలో వేస్తారు, వాసన దిగగానే తీసేస్తారు. బొక్కల్ని ముందే ఒకసారి ఉడికించి ఆ మురికి నీళ్ళు పారబోస్తారు. తర్వాత ఎప్పుడూ తెర్లనివ్వరు, సన్నగా మరగాలి అంతే. నురగ తీస్తూనే ఉండాలి. గొడ్డు బొక్కలైతే పది పన్నెండు గంటలు. ఇంత చేస్తే ఆ చారు గిన్నె అడుగు కనిపించేంత తేటగా వస్తుంది. నేను ఇంట్లో మూడుసార్లు కోడితో చేశాను. మూడోసారికి గానీ తేటగా రాలేదు.

తమ్ముడు: ఇప్పుడు అసలు విషయానికి రా అక్కా. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఆపిన సంగతి.

అక్క: ఆపకపోతే ఎలా? గిన్నె రాగానే వీడు ఎర్ర సాస్ సీసా అందుకున్నాడండీ. మా ఆఫీసులో మనవాళ్ళందరూ అంతే. గిన్నె వస్తుంది, రుచి చూడకుండానే శ్రీరాచా ఒక చుట్టు, నల్లటి హోయ్‌సిన్ సాస్ ఒక చుట్టు, నిమ్మకాయ మొత్తం పిండి, కలిపేస్తారు. తర్వాత "అన్ని హోటళ్ళలో ఒకేలా ఉంటుంది" అంటారు. సాస్ ఒకటే కాబట్టి ఒకేలా ఉంటుంది! నేను అందరినీ అడిగేది ఒక్కటే. ముందు ఒక చెంచా చారు ఉత్తదే తాగండి. ఇంకో చెంచా తాగండి. ఎవరో రాత్రంతా మేలుకుని నురగ తీసిన చారు అది.

తమ్ముడు: నేను తాగాను. మొదటి చెంచాకు నాకేం తెలియలేదు, ఉప్పు తక్కువనిపించింది. రెండో చెంచాకు అనాసపువ్వు, మూడో చెంచాకు కాలిన అల్లం తెలిశాయి. మనకు కారం ముందు తగలాలి, అప్పుడే నాలుక లేస్తుంది. ఇది వేరే పద్ధతి.

అక్క: కారం వద్దని నేనెప్పుడూ అనను. చిన్న గిన్నె అడిగి అందులో సాస్‌లు వేసుకుని, ముక్క అద్దుకుని తిను. చారు మాత్రం చారులాగే ఉంచు. పచ్చిమిర్చి ముక్కలు రెండు వేసుకో. ఆకులు చేత్తో తుంచి కొంచెం కొంచెం వేసుకో. ఊదా కాడల తులసి ఉంటుంది, దానికి సోంపు వాసన. రంపం పళ్ళలాంటి అంచుతో పొడవాటి ఆకు ఇంకోటి, దానికి కొత్తిమీర వాసన ఘాటుగా ఉంటుంది. మొలకలు పచ్చివి పడకపోతే వేడినీళ్ళలో ముంచి ఇమ్మంటే ఇస్తారు. నిమ్మకాయ అన్నిటికన్నా చివర, అదీ సగం ముక్కే.

తమ్ముడు: శ్రీరాచా వియత్నాం సాస్ కూడా కాదట కదా?

అక్క: పేరు థాయ్‌లాండ్‌లోని ఒక ఊరిది. కోడిపుంజు బొమ్మ ఉండే సీసాను మాత్రం డేవిడ్ ట్రాన్ అనే ఆయన 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టాడు. వియత్నాం నుంచి వచ్చిన శరణార్థి ఆయన. తనను మోసుకొచ్చిన ఓడ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. పుంజు ఆయన పుట్టిన ఏడాది గుర్తు. ఆ సీసా అంటే నాకు గౌరవమేనండీ, గిన్నెలో పోయడమే వద్దంటాను.

తమ్ముడు: మన ఇంట్లో గొడ్డు మాంసం తినం. వినేవాళ్ళలో చాలామందికీ ఇదే ప్రశ్న ఉంటుంది. ఏం తినాలి?

అక్క: ఫో గా. గా అంటే కోడి. దయచేసి దాన్ని రెండో రకంగా చూడకండి. 1939లో హనోయ్‌లో వారానికి రెండు రోజులు, సోమ, శుక్రవారాల్లో గొడ్డు మాంసం అమ్మకం ఉండేది కాదని, ఆ రోజుల కోసమే కోడి ఫో పుట్టిందని చెబుతారు. ఇప్పుడు కోడి ఫో మాత్రమే అమ్మే హోటళ్ళున్నాయి, మీకు దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్ళండి. మెనూలో "గా ది బో" అని ఉంటుంది. అంటే నడిచే కోడి.

తమ్ముడు: నాటుకోడి!

అక్క: నాటుకోడే! ముక్క గట్టిగా, తోలు పసుప్పచ్చగా ఉంటుంది. పైన నిమ్మాకు దారంలా సన్నగా తరిగి వేస్తారు. అల్లం వేసిన సాస్ పక్కన ఇస్తారు. అడిగితే కార్జం, కందనకాయ, ఇంకా పెట్టని గుడ్ల సొనలు కూడా వేస్తారు. చిన్నప్పుడు నాటుకోడి కోసిన రోజు ఆ గుడ్ల కోసం మనిద్దరం కొట్లాడుకునేవాళ్ళం. అమ్మను తీసుకెళ్ళిన రోజు నా గిన్నెలో వచ్చినవి రెండూ అమ్మ గిన్నెలో వేశాను.

తమ్ముడు: అమ్మ వాటిని నా గిన్నెలో వేసింది.

అక్క: అది నేను చూడనే లేదురా!

తమ్ముడు: కోడి ఫో అన్నంత మాత్రాన చారు కోడిదేనా?

అక్క: అడగాలి. తప్పకుండా అడగాలి. నాకు జరిగింది చెప్తాను, హోటల్ పేరు చెప్పను. ఏళ్ళ కింద మా స్నేహితురాలు, పూర్తి శాకాహారి, ఇక్కడికొస్తే ఒకచోట కూరగాయల ఫో చెప్పాం. సగం తిన్నాక అనుమానమొచ్చి అడిగితే, పైన వేసేవి కూరగాయలే గానీ చారు గొడ్డుదేనన్నారు. వాళ్ళ లెక్కలో అది అబద్ధం కాదు. తను ఏడ్చింది. నేను ముందే అడగకపోవడం నా తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి రెండు ప్రశ్నలు అడగండి. చారు దేనిది? ఫిష్ సాస్ వేశారా? ఎందుకంటే ఉప్పు బదులు చాలాచోట్ల ఫిష్ సాస్ పడుతుంది. చిన్న చేపల్ని ఉప్పులో ఏడాది దాకా ఊరబెట్టి తీస్తారు.

తమ్ముడు: మరి పూర్తి శాకాహారం?

అక్క: "చయ్" అనే మాట చూసుకోండి. మన చాయ్ కాదు. చయ్ అంటే శాకాహారం, బౌద్ధుల పద్ధతి. చయ్ మాత్రమే వండే హోటళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయి. అక్కడ ముల్లంగి, పుట్టగొడుగులు, మొక్కజొన్న కంకులు మరిగించి చారు చేస్తారు. పోయిన పౌర్ణమికి అమ్మ నీచు ముట్టనంటే అక్కడికి తీసుకెళ్ళాను. బయట ఒకటే జనం. మామూలు రోజుల్లో అంతమంది ఉండరు. అడిగితే తెలిసింది, వాళ్ళకూ పౌర్ణమి నాడు, చాంద్రమాన నెల మొదటి రోజున చాలామంది నీచు తినరట. నా ముందు వరుసలో నిలబడ్డ పెద్దావిడతో అమ్మ తెలుగులో, ఆవిడ అమ్మతో తన భాషలో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆకాశం వైపు చూపించి ఇద్దరూ తలలూపారు.

తమ్ముడు: డబ్బు సంగతి కూడా చెప్దాం. గిన్నె 15 డాలర్లు అటూ ఇటూ. కొందరు నూడుల్స్‌కి అంతా అంటారు.

అక్క: రాత్రంతా వండిన తిండి అండీ. ఇటలీ వంటకానికి 25 ఇచ్చి, దీనికి 15 ఎక్కువనడం నాకు నచ్చదు. టిప్ కూడా సరిగ్గా పెట్టండి. చిన్న కుటుంబాలు నడిపే హోటళ్ళు ఇవి.

తమ్ముడు: కాఫీ చెప్పకుండా ముగించొద్దు.

అక్క: ఫిన్ అని చిన్న రేకు ఫిల్టర్ ఉంటుంది. గ్లాసులో అడుగున మిల్క్‌మెయిడ్ లాంటి తీపి పాలు పోసి, పైన ఆ ఫిల్టర్ పెట్టి ఇస్తారు. చుక్క చుక్కగా దిగుతుంది. దిగాక కలిపి ఐసులో పోసుకోవాలి. ఇక్కడి హోటళ్ళలో చాలాచోట్ల న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చే కాఫీ డబ్బా వాడతారు, అందులో మన ఫిల్టర్ కాఫీ పొడిలోలాగే చికోరీ కలుస్తుంది.

తమ్ముడు: అందుకేనా అమ్మ ఐసు వద్దని, వేడిగానే తాగింది?

అక్క: వేడిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "డికాషన్ మంచిగ దిగింది" అంది. ఆ చి వచ్చి ఏమన్నారని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కొత్త ఫిన్ కాగితంలో చుట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

తమ్ముడు: ఇప్పుడు ఇంట్లో పొద్దున కాఫీ దాంట్లోనే.

అక్క: రేపు ఆదివారం. ఎనిమిదింటికి వెళ్దాం, తొమ్మిది దాటితే టేబుల్ దొరకదు. అమ్మ ఆవిడ కోసం సకినాలు డబ్బాలో పెట్టింది, కారులో మర్చిపోకు. వచ్చే వారం హ్వే నగరం గిన్నె, బున్ బొ హ్వే గురించి మాట్లాడుకుందాం. అది నిమ్మగడ్డి వేసి కారంగా చేస్తారు, మనవాళ్ళకు మొదటి చెంచాకే నచ్చుతుంది. ఉంటామండీ.

తమ్ముడు: ఉంటాం.